బొమ్మ వేసేవాళ్ళు అడిగే ప్రశ్నలు

వారపత్రికలు రాజ్యమేలిన రోజుల్లో కథకి మొదటి పాఠకుడు సంపాదకుడు, రెండోవాడు బొమ్మ వేసేవాడు. పత్రిక కొనుక్కునేవాడి వంతు ఆ తర్వాతే. సంపాదకుడు కథ వేసుకోవాలా వద్దా అని చదువుతాడు. బొమ్మ వేసేవాడికి ఆ బెంగ లేదు, ఎలాగూ వేసుకున్న కథే అతని బల్ల మీదికి వస్తుంది. అతను వెతికేది ఒక్కటే: ఇందులో కంటికి కనబడేది ఏముంది? నలభై పేరాలు తిరగేసినా గీయడానికి ఏమీ దొరక్కపోతే ఆ కథలో ఎక్కడో లోపం ఉందని ముందుగా తెలిసేది అతనికే. కథ ఎలా రాయాలన్న విషయం మీద ఆ కాలంలో నడిచిన కబుర్లలో నిజంగా పనికొచ్చినవి విమర్శకుల కంటే ఈ బొమ్మలవాళ్ళే ఎక్కువ చెప్పారని నా నమ్మకం. దీన్ని ఒప్పుకోని రచయితలు ఉన్నారు, ఉంటారు కూడా.

కథ పత్రికాఫీసుకి చేతిరాతలో వచ్చేది. ఫుల్‌స్కేపు కాగితం, ఒకవైపే రాత, ఎడమపక్క అంగుళంన్నర మార్జిను, పేజీకి పాతిక వరసలు. ఈ నియమాలు ఎవరి చాదస్తమో అనుకునేవారు కొత్తవాళ్ళు. మార్జిను సంపాదకుడి దిద్దుబాట్లకి. ఒకవైపే ఎందుకంటే, చేత్తో అక్షరాలు పేర్చే రోజుల్లో ఒక కథని నలుగురు కంపోజిటర్లు తలా రెండు కాగితాలు పంచుకుని పేర్చేవారు. వెనకవైపు కూడా రాసి ఉంటే ఆ కాగితం ఒకడి చేతిలోనే ఇరుక్కుపోతుంది, పక్కవాడు ఖాళీగా కూర్చుంటాడు. చివర హామీపత్రం: ఇది నా స్వంతం, అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, మరో పత్రిక పరిశీలనలో లేదు. దాంతోపాటు తిరుగుటపాకి స్టాంపులు. స్టాంపులు లేని కథ నచ్చకపోతే చెత్తబుట్టలోకే. కార్బన్ కాపీ దాచుకోని రచయితలు అలా పోగొట్టుకున్న కథలకి లెక్క లేదు.

ఎంపికైన కథ బొమ్మకి వెళ్ళే దారులు రెండు. తీరిక ఉంటే రాతప్రతి మొత్తం చిత్రకారుడి చేతికి వస్తుంది. లేకపోతే సబ్ ఎడిటరు ఒక చీటీ రాసి పంపుతాడు: ‘అమ్మాయి, కిటికీ, వాన.’ చీటీ చూసి వేసిన బొమ్మల్లోనే ఘోరాలు జరిగేవి. కథలో మనిషిది బట్టతల, బొమ్మలో ఉంగరాల జుట్టు. కథలో అద్దె గది, బొమ్మలో మేడమెట్లు. పాఠకులు ఊరుకునేవారా, పోస్టుకార్డులు గుట్టలుగా వచ్చి పడేవి. ఆ కార్డుల్లో తిట్లన్నీ చిత్రకారుడికే. చీటీ రాసిన మహానుభావుడు హాయిగా టీ తాగేవాడు.

రాతప్రతి మొత్తం చదివే చిత్రకారుడికీ రచయితకీ మధ్య నడిచిన మాటలే అసలు సరుకు. మద్రాసు తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక ఉన్నన్నాళ్ళూ, వడపళనిలో చందమామ ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాత విజయవాడ, హైదరాబాదు పత్రికాఫీసుల్లోనూ ఈ మాటలు నడిచాయి. చాలావరకు ఫిర్యాదులే. ‘మీ కథానాయిక వయసెంత?’ రచయిత ‘నడివయసు’ అని రాసి వదిలేస్తాడు. ముప్ఫై అయిదుకీ యాభైకీ మధ్య మెడ మారుతుంది, నిలబడే తీరు మారుతుంది, చీరకట్టు కూడా మారవచ్చు. ‘పేదవాడు’ అని రాస్తాడు. ఏ పని చేసే పేదవాడు? చేనేత మగ్గం మీద కూర్చునేవాడి వీపూ, రిక్షా తొక్కేవాడి పిక్కలూ ఒకటి కావు. ఈ ప్రశ్నలకి జవాబు కథలో అచ్చవ్వాలని లేదు. రచయితకి తెలిసుంటే చాలు. తెలిసి వదిలేసిన వివరానికీ తెలియక వదిలేసిన వివరానికీ తేడా వాక్యంలో పసిగట్టవచ్చు. తెలిసినవాడి వాక్యంలో మనిషి బరువుగా కూర్చుంటాడు, తెలియనివాడి వాక్యంలో ‘కూలబడ్డాడు’, ‘నిట్టూర్చాడు’ లాంటి అరిగిపోయిన క్రియలు వచ్చి చేరతాయి.

అన్నిటికంటే ఎక్కువసార్లు వినబడిన ప్రశ్న చేతుల గురించి. ‘వీళ్ళిద్దరూ రెండు పేజీలు మాట్లాడుకున్నారు సరే, చేతులు ఏం చేస్తున్నాయి?’ బొమ్మలో చేతులు ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు. మాటల్లో రాసేటప్పుడు వాటిని మర్చిపోవచ్చు, ఎవరూ పట్టుకోరు. కానీ మర్చిపోయిన చోటల్లా కథ ఉపన్యాసం అయిపోతుంది. ఉదాహరణకి ఇది చూడండి:

‘రామారావుకి చాలా కోపం వచ్చింది. కానీ అణుచుకున్నాడు. "నీ ఇష్టం" అన్నాడు.’

ఇందులో గీయడానికి ఏమీ లేదు. మూతి బిగించిన మొహం గీయవచ్చు, అది వెయ్యి కథలకి సరిపోతుంది. దీన్నే ఇలా మార్చారనుకోండి:

‘రామారావు చెంబులో నీళ్ళు గ్లాసులోకి ఒంపాడు. గ్లాసు నిండింది. ఇంకా ఒంపుతూనే ఉన్నాడు. "నీ ఇష్టం" అన్నాడు.’

కోపం అన్న మాట పోయింది, కోపం మిగిలింది. ఒక్క వాక్యం పెరిగింది కాబట్టి ఖర్చూ పెద్దగా లేదు. అయితే దీనికో జబ్బు కూడా ఉంది. ఈ కిటుకు తెలిసిన వెంటనే కొత్త రచయిత ప్రతి మాట పక్కనా ఒక చేష్ట అంటిస్తాడు. కళ్ళజోడు తుడుస్తాడు, సిగరెట్ వెలిగిస్తాడు, మళ్ళీ కళ్ళజోడు తుడుస్తాడు. ఒక దశాబ్దం పాటు తెలుగు కథల్లో కళ్ళజోళ్ళు ఎంత మెరిసిపోయాయో! చేష్టకి ఆ క్షణంతో లెక్క ఉండాలి. నీళ్ళు ఒంపడం ఎందుకు కుదిరిందంటే, అడగకుండానే గ్లాసందించే మనిషి అవతల నిలబడి ఉంది, ఆ రోజు అతను తనే ఒంపుకుంటున్నాడు. ఆ లెక్క లేకపోతే చేష్టని కొట్టేసి మాట ఒక్కటీ ఉంచడమే మేలు. సుమారుగా సంభాషణ ఒక పేజీ నడిస్తే ఒకటి రెండు చేష్టలు చాలు, మూడోది ఎప్పుడూ అనుమానాస్పదమే.

వెలుతురు ఇంకో పెద్ద గొడవ. లైన్ బొమ్మలో నీడ ఎటు పడాలో నిర్ణయించడానికి చిత్రకారుడికి కిటికీ ఎటుందో తెలియాలి. ‘మీరు మొదట్లో సాయంత్రం అన్నారు, వీళ్ళు గంటన్నర మాట్లాడుకున్నారు, దీపం ఎవరూ పెట్టలేదే’ అని అడిగితే రచయిత తల గోక్కునేవాడు. ఆ దీపం నిజానికి కథకి పనికొచ్చే వస్తువు. ఎవరు లేచి పెట్టారు, ఎవరు పెట్టకుండా చీకట్లోనే కూర్చున్నారు అన్నదాంతో ఒక పేరా సంభాషణ మిగులుతుంది. కిరసనాయిలు దీపం అయితే చిమ్నీ తుడవాలి, వత్తి కత్తిరించాలి, అంతసేపు మాట ఆగుతుంది. కరెంటు దీపం అయితే స్విచ్చి టక్కుమంటుంది. అంతే.

ఇల్లు గీసుకోమని చెప్పడం కూడా వాళ్ళ అలవాటే. కథ మొదలుపెట్టే ముందు పెన్సిలుతో ఇంటి నక్షా ఒకటి: వీధరుగు, సావిడి, మండువా, వంటిల్లు, పెరడు, నుయ్యి. ఎవరు ఎక్కడ పడుకుంటారో చుక్కలు. ఇది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ కథలో దొంగదారులన్నీ ఇక్కడే బయటపడతాయి. పెరట్లోంచి కోడలు వీధిలోకి వచ్చిందని రాశారు. ఆ ఇంట్లో పెరటి నుంచి వీధికి దారి వంటింటి మీదుగానే. వంటింట్లో అత్తగారు పప్పు రుబ్బుతోందని రెండు పేరాల పైన మీరే చెప్పారు. మరి అత్తగారికి తెలియకుండా కోడలు ఎలా వచ్చింది? పెరటికి ఇంకో తలుపు పెట్టడం ఒక పద్ధతి. అత్తగారు చూసి కూడా ఊరుకుందని రాయడం ఇంకో పద్ధతి. రెండోది రాస్తే కథ ఒక మెట్టెక్కుతుంది. నక్షా గీయకపోతే ఆ అవకాశం కంటపడేదే కాదు.

దూరం సంగతి వేరు. బొమ్మ గీసేవాడు ముందు తేల్చుకోవలసింది తను ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్నది. గుమ్మం దగ్గరా, గది మధ్యలోనా, పైకప్పు నుంచా? ఏడేళ్ళ పిల్లవాడు చెప్పే కథ అయితే కళ్ళు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. పెద్దవాళ్ళ నడుములు, చీరకుచ్చెళ్ళు, బల్ల అంచు, మంచం కింది ట్రంకుపెట్టె బాగా కనిపిస్తాయి. అత్తయ్య మొహంలో ‘సన్నని విషాదరేఖ’ కనిపించదు. అలాంటి కథలో ఆ రేఖ రాశారంటే పిల్లవాణ్ణి పక్కకి నెట్టి రచయిత వచ్చి నిలబడ్డాడన్నమాట. విమర్శకులు దృష్టికోణం అని పెద్ద పేరు పెట్టి పది పేజీలు రాసింది ఇదే. చిత్రకారుడు పెన్సిలు మొనతో చూపించి ‘ఇక్కడ నా కుర్చీ మారిపోయింది’ అంటే అర్థమయ్యేది. కుర్చీ మార్చకూడదని నియమం ఏమీ లేదు. మార్చదలిస్తే పేరా మధ్యలో మార్చకండి. ఒక వరస ఖాళీ వదలండి, కొత్త పేరా మొదటి వాక్యంలోనే ఎవరి కళ్ళో తెలిసేలా పేరు గానీ చేష్ట గానీ పెట్టండి.

ఇక ఏ ఘట్టానికి బొమ్మ వేయాలన్న తగువు. రచయితలు ఎక్కువగా పతాకసన్నివేశానికే వేయమని కోరేవారు. పాతకాలపు చిత్రకారుల్లో చాలామంది అందుకు ఒప్పుకునేవారు కారు, కారణం పేజీ అమరిక. బొమ్మ కథ మొదటి పేజీలో, శీర్షిక పక్కనే పడుతుంది. చివర నూతిలో దూకే మనిషిని మొదటి పేజీలోనే దూకించేస్తే పాఠకుడు చదివేది దేనికి? అందుకని ఘటనకి కాస్త ముందరి క్షణం పట్టుకునేవారు: చేంతాడు పట్టుకుని నూతి గట్టు మీద వంగిన మనిషి, నీళ్ళు తోడటానికో ఇంకెందుకో తెలియదు. కథకుడికి ఇందులో ఉన్న పాఠం ఏమిటంటే, జరిగిన సంగతి కంటే జరగబోయే ముందరి నిమిషంలో ఎక్కువ బరువు ఉంటుంది. అయినా మనవాళ్ళు ఆ నిమిషాన్ని ‘ఇంతలో’ అన్న ఒక్క మాటతో దాటించేస్తారు. రాతప్రతిలో ‘ఇంతలో’, ‘హఠాత్తుగా’, ‘అంతే!’ అన్నవి ఎక్కడెక్కడున్నాయో గీతలు కొట్టుకుంటూ చూస్తే, ఆ చోట్లలో సగం రాయకుండా ఎగ్గొట్టిన సన్నివేశాలే.

కొసమెరుపు కథలకి బొమ్మ వేయడం కత్తి మీద సామే. ముగింపులో తిరగబడే కథకి ఆధారాలు ముందే పెట్టాలి, లేకపోతే పాఠకుడు మోసపోయాననుకుంటాడు. రెండు ఆధారాలు సరిపోతాయి. ఒకటి కథ మూడోవంతు దగ్గర, ఏదో పనిలో పడి గుర్తించకుండా పోయేలా. రెండోది మూడింట రెండు వంతులు దాటాక, మొదటిదానికి కొంచెం భిన్నంగా. ఒకే ఆధారం పెడితే చాలదు, మూడు పెడితే తెలివైన పాఠకుడు ముందే పట్టేస్తాడు. చివరి పేరాకి దగ్గరగా పెట్టకూడదు, అక్కడ పెట్టినది ఆధారం లెక్కలోకి రాదు. ఆ రెండు వస్తువుల్లో ఏదీ బొమ్మలో పడకూడదు. పడిందంటే, పత్రిక తిరగేస్తున్నవాడి కన్ను మాటల కంటే ముందు బొమ్మ మీదే వాలుతుంది గనక, రహస్యం అక్కడికక్కడే ఆఖరు.

బొమ్మలవాళ్ళకి పొదుపు నేర్పింది ప్రెస్సు. ఇండియన్ ఇంకుతో, పాళీతోనో కుంచెతోనో, అచ్చయ్యే కొలతకి ఒకటిన్నర రెట్లు పెద్దదిగా గీసేవారు. దాన్ని ఫోటో తీసి తగ్గించి, జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంతో గీతలు లేని చోటంతా తినిపించేస్తే లైన్ బ్లాకు తయారవుతుంది. తగ్గించినప్పుడు సన్నగీత ఇంకా సన్నమై ఆమ్లంలో తెగిపోతుంది. దగ్గరదగ్గరగా గీసిన అడ్డగీతల మధ్య సందులు సిరాతో పూడిపోతాయి. న్యూస్‌ప్రింటు సిరా పీల్చి గీతని లావు చేస్తుంది. ఫోటోని చిన్న చుక్కలుగా విడగొట్టి అచ్చువేసే హాఫ్‌టోన్ బ్లాకు సంగతీ అంతే: న్యూస్‌ప్రింటు మీద అంగుళానికి 65 చుక్కల వరసల జాలీ మించితే మొహాలు మసిబారిపోయేవి. ఇవన్నీ తెలిసినవాడు గీత వేసే ముందు ఆలోచిస్తాడు: ఇది అచ్చులో నిలుస్తుందా, నిలవకపోతే ఎందుకు వేయాలి? బాపు బొమ్మల్లో ఖాళీ ఎంత ఉంటుందో చూడండి. వెనక గోడ ఉండదు, నేల ఉండదు, ఒక్కోసారి కుర్చీకి రెండు కాళ్ళే. అయినా మనిషి గాల్లో తేలడు. 1955 ప్రాంతాల్లో ఆంధ్రపత్రికలో మొదలైన ఆ గీత వల్ల కథ శీర్షిక కూడా బొమ్మలో భాగమైంది. అచ్చక్షరాలు పక్కనపెట్టి శీర్షికని చేత్తో రాయడం ఒక ముద్రగా నిలబడిపోయింది. శీర్షిక పొడుగైతే బొమ్మకి చోటు తగ్గుతుంది. రెండు మూడు మాటల శీర్షికలంటే వాళ్ళకి ఇష్టం ఉండటంలో ఈ స్వార్థం కూడా ఉంది, రచయితలకి మంచే జరిగింది.

మనలో రెండు చేతులా పనిచేసినవాళ్ళు తక్కువేమీ కాదు. అడవి బాపిరాజు, బుచ్చిబాబు, సంజీవదేవ్, శీలా వీర్రాజు. కుంచె పట్టిన చెయ్యి కలం పడితే వచ్చే బలం తెలిసిందే, బలహీనత గురించి మాత్రం మనం మాట్లాడుకోం. రంగు తెలిసినవాడికి సూర్యాస్తమయం కనిపిస్తే ఆగలేడు. పేజీ నింపుతాడు. ఆ పేజీ విడిగా చదివితే అద్భుతం, కథలో అడ్డం. దీనికి చిత్రకళలోనే విరుగుడు ఉంది: ఒక సన్నివేశంలో పాఠకుడికి గుర్తుండేది ఒక్క రంగు. ఆ ఒక్కటి ఎంచుకుని, అది ఉన్న వస్తువు పేరుతోనే చెప్పాలి. ‘ఎర్రటి సంధ్యారుణ కాంతి’ అనే బదులు గోడ మీద ఆరేసిన పంచె ఎర్రబడిందంటే చాలు, మిగతా ఆకాశం పాఠకుడు వేసుకుంటాడు.

సంజీవదేవ్ గారి తుమ్మపూడి గురించి ఒక మాట. గుంటూరు జిల్లాలో ఆ పల్లె నుంచి ఆయన రాసిన ఉత్తరాలు ఎన్ని ఊళ్ళ రచయితలకీ చిత్రకారులకీ అందాయో. ఇవాళ కబుర్లంటే ఎదురెదురుగా కూర్చోవడమో ఫోనో అనుకుంటున్నాం. ఆ తరంలో సగం సంభాషణ తపాలాలోనే నడిచింది. ఉత్తరంలో మాటకి వెంటనే అడ్డు రావడం కుదరదు. వాదన మొత్తం చదవాలి, జవాబు రాసే లోపు రెండు మూడు రోజులు గడుస్తాయి, ఆవేశం దిగుతుంది. కథ మీద అభిప్రాయం చెప్పడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నేనెరగను. ఇన్‌లాండు కవరులో పట్టేది ఒకటిన్నర పేజీ. అందులో పొగడ్తకి ఎక్కువ చోటు ఉండదు.

పొడవు లెక్కలు అందరికీ నోటికొచ్చినవే. పాతిక వరసల ఫుల్‌స్కేపు పేజీకి వరసకి ఎనిమిది మాటల చొప్పున రెండు వందలు. వారపత్రిక కథ పది నుంచి పన్నెండు కాగితాలు. పేజీ కథ మూడు కాగితాలు దాటకూడదు. పేజీ మేకప్ దగ్గర ఎనిమిది వరసలు మిగిలిపోతే కథలోంచే కోత పడేది, తక్కువైతే అడుగున ఒక జోకు. కోత ఎక్కడ పెట్టాలన్నది ఫోర్‌మన్‌కి పట్టదు, చివర్నుంచి తీసేయడం తేలిక కాబట్టి తీసేస్తాడు, కొస తెగిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు తమ కోత తామే పెట్టుకుని పంపేవారు. మొదటి కాగితం పక్కన పెట్టి రెండో కాగితం నుంచి చదివి చూడటం పాత చిట్కా. ఊరి వర్ణన, వంశచరిత్ర, వాతావరణం, అన్నీ మొదటి కాగితంలోనే ఉంటాయి. సగం కథలు రెండో కాగితంలోనే మొదలవుతాయి. అయితే గుడ్డిగా తీసేస్తే ఏం జరుగుతుందో కూడా చెప్పుకోవాలి. మొదటి కాగితంలో పరిచయమైన పేరు అయిదో కాగితంలో దిక్కులేకుండా తేలుతుంది, ‘ఆ రోజు’ అన్నది ఏ రోజో తెలియదు, అన్నాచెల్లెళ్ళని పాఠకుడు మొగుడూపెళ్ళాలనుకుంటాడు. తీసేసిన కాగితంలోంచి మూడే మూడు సంగతులు ఏరుకోవాలి: ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎప్పుడు, ఎక్కడ. వాటిని కలిపి ఒకే వాక్యంలో కుక్కకండి. మూడు వేర్వేరు చోట్ల, ఎవరో ఏదో పని చేస్తుండగా జారవిడవండి.

మాండలికం దగ్గరికొస్తే బొమ్మలవాళ్ళు తప్పుకునేవారు, ప్రూఫు రీడర్లు రంగంలోకి దిగేవారు. విశాఖలో రావిశాస్త్రి గారు కోర్టుల చుట్టూ తిరిగే మనుషుల మాటని కథలోకి తెచ్చినప్పుడూ, చిత్తూరు జిల్లా మాటతో నామిని కథనం మొత్తం నడిపినప్పుడూ, తెలంగాణ కథకులు తమ ఊరి మాటని అచ్చులో నిలబెట్టినప్పుడూ, అందరికీ ఎదురైన చిక్కు ఒకటే. చెవిలో ఉన్న ధ్వనికి బళ్ళో నేర్చిన అక్షరం సరిపోదు. ‘వచ్చాడు’లో ‘చ్చా’ దగ్గర మనం నిజంగా పలికే అచ్చు ఆ-కీ ఏ-కీ మధ్యలో ఉంటుంది, దానికి మన లిపిలో గుర్తు లేదు. ఒకరు ‘వచ్చేడు’ అని రాస్తారు, ఇంకొకరు ‘వచ్చాడు’తో సరిపెట్టుకుంటారు. ఏది రాసినా ఫరవాలేదు, కథంతా ఒకటే రాయాలి. ఒకే మనిషి నోట మొదటి పేజీలో ‘వచ్చిండు’, మూడో పేజీలో ‘ఒచ్చిండు’, అయిదో పేజీలో ‘వచ్చాడు’ అని వస్తే ఆ మనిషి ముగ్గురైపోతాడు. కాబట్టి రాసే ముందే ఒక చీటీ మీద పది పదిహేను క్రియలకి రూపాలు నిర్ణయించి రాసుకోవడం మంచిది: వచ్చు, పోవు, చేయు, అను, ఉండు, వీటికి భూతకాలం, వర్తమానం, వద్దనే రూపం. ఆ చీటీ నకలు రాతప్రతికి పిన్ను పెట్టి, పైన ‘మాండలికం, దిద్దవద్దు’ అని ఎర్రసిరాతో రాసి పంపేవారు. అయినా దిద్దేవారు. అలవాటైన చెయ్యి ఆగదు, ‘నానేటి సేసేను’ కాస్తా ‘నేనేమి చేశాను’ అయి కూర్చునేది. గాలీ ప్రూఫు, అంటే పేజీలు కట్టకముందు దిద్దుబాటుకి తీసే అచ్చు నకలు, చూసుకోగలిగిన రచయిత అదృష్టవంతుడు.

మాండలికంలో ఇంకో ప్రమాదం వాడినవాడికి కనబడదు. ఉచ్చారణ మాత్రమే వంకరగా రాసి వాక్యం నడకని పుస్తకాల భాషలోనే ఉంచేస్తారు. ‘నేను చెప్పినప్పటికీ అతను వినలేదు’ అన్నదాన్ని ‘నాను సెప్పినప్పటికీ ఆడు ఇన్లేదు’ అంటే సరిపోదు. ‘సెప్పినప్పటికీ’ అనేవాళ్ళు ఏ పేటలోనూ ఉండరు. ‘సెప్పేను. ఇన్నాడా?’ అంటారు. అక్షరాలు మామూలుగానే ఉంచి నడక ఒక్కటి పట్టుకున్నా ప్రాంతం వినబడుతుంది. నడక లేకుండా అక్షరాలు వంచితే వెక్కిరింపు వినబడుతుంది.

చందమామ వాళ్ళది పూర్తిగా వేరే బడి. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా కొడవటిగంటి కుటుంబరావు గారు అక్కడ పనిచేశారు. వచ్చిన కథ ఎవరిదైనా చందమామ భాషలోకి రావలసిందే: చిన్న వాక్యం, వాడుక మాట, సమాసాలు బహు తక్కువ, వర్ణన ఇంకా తక్కువ. పేజీపేజీకీ బొమ్మ ఉండటం దీనికి ఒక కారణం. చిత్రా, శంకర్ లాంటివాళ్ళు రాజుగారి కిరీటం, కోట బురుజు, రాక్షసుడి కోరలు గీసి ఇస్తున్నప్పుడు మళ్ళీ వాటిని మాటల్లో చెప్పడం చోటు దండగ. రచన మొత్తం ‘ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, ఎందుకు’ అన్న మూడింటి మీద నడిచేది. పెద్దల కథలు రాసేవాళ్ళు దీన్ని చిన్నచూపు చూశారు గానీ, ఒక నెల చందమామ కథలు రాసి చూస్తే చేతిలో కొవ్వు కరుగుతుంది. అందులోనే రెండు ఫోటోలకి జోడీగా వ్యాఖ్య రాసి పంపే పోటీ ఉండేది. ఒకదానికొకటి అతకాలి, మాటలు నాలుగైదు మించకూడదు, ఫోటోలో కనిపిస్తున్నదాన్నే మళ్ళీ చెప్పకూడదు. శీర్షిక పెట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన కసరత్తు దొరకదు. ఒక పోస్టుకార్డు ఖర్చు.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం తెరిచాక కబుర్లకి ఒక చిరునామా ఏర్పడింది. పాత పత్రికల సంచికలు, కథా సంపుటాలు ఒకచోట చేరాయి. మాస్టారు తను కథలు రాయడం డెబ్బైల మొదట్లోనే దాదాపు ఆపేసినా ఇతరుల కథలు చదవడం మానలేదు, కథ రాసే పద్ధతుల మీద విడిగా పుస్తకమూ రాశారు. కథానిలయంలో పాత సంచికలు వరసగా తిరగేస్తే తెలిసే సంగతి ఒకటుంది: సంపుటిలో చదివిన కథా, పత్రికలో మొదట పడ్డ కథా ఒకటి కాకపోవచ్చు. రచయిత తర్వాత దిద్దుకుని ఉంటాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏ వాక్యం పోయింది, ఏ మాట మారింది అని పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ పోవడం ఒక చదువు. ముగింపు పేరాలే ఎక్కువగా పోతాయి. ‘ఆ విధంగా...’ అని మొదలయ్యేవి అన్నిటికంటే ముందు.

కథల వర్క్‌షాపులు పెరిగాక ఒక పద్ధతి స్థిరపడింది, అది ఇప్పటికీ పనిచేస్తుంది. రచయిత కథ బయటికి చదువుతాడు. కాగితం ఎవరి చేతిలోనూ ఉండదు. చదవడం అయ్యాక రచయిత నోరు మూసుకోవాలి. ఒకరు లేచి అయిదారు వాక్యాల్లో కథ తిరిగి చెప్పాలి, అభిప్రాయం చెప్పకూడదు. చెప్పేవాడు మర్చిపోయిన సన్నివేశం పక్కన రచయిత సున్నా చుడతాడు. అతను లేనిదాన్ని కల్పించి చెప్పిన చోట నక్షత్రం పెడతాడు. సున్నా పడ్డచోట సాధారణంగా కోత. నక్షత్రం పడ్డచోట ఆలోచించాలి: కావాలని వదిలిన ఖాళీ అయితే అతను బాగా పూరించాడు, అనుకోకుండా వదిలినదైతే అక్కడ వాక్యం కావాలి. ఈ పని పాడయ్యేది రెండు రకాలుగా. రచయిత మధ్యలో ‘నా ఉద్దేశం ఏమిటంటే’ అని అందుకుంటాడు. లేదా తిరిగి చెప్పవలసినవాడు కథ వదిలేసి సామాజిక బాధ్యత మీద ఉపన్యాసం ఎత్తుకుంటాడు. రెండో రకం వాళ్ళని ఆపడం కష్టం, వయసులో పెద్దవాళ్ళు అయి ఉంటారు.

ఆఫ్‌సెట్టు వచ్చాక బ్లాకులు పోయాయి, సన్నగీతలు నిలబడ్డాయి, రంగులు చవకయ్యాయి. చంద్ర, మోహన్, బాలి లాంటివాళ్ళ చేతుల్లో బొమ్మ ఇంకో దారి పట్టింది. తర్వాత కంప్యూటరు వచ్చి చిత్రకారుడి బల్లకీ సంపాదకుడి బల్లకీ మధ్య నడక పోయింది. ఆ నడకలోనే రచయిత తారసపడేవాడు. ఆంధ్రపత్రిక, భారతి 1991 ప్రాంతాల్లోనే ఆగిపోయాయి, చందమామ ఆ తర్వాతి దశాబ్దాల్లో, ఇంకొన్ని పత్రికలు 2020లో కోవిడ్ దెబ్బకి. ఇప్పుడు చాలాచోట్ల కథకి ఎక్కడో దొరికిన రెడీమేడ్ ఫోటో పెడుతున్నారు. దానికి ప్రశ్నలు అడిగే నోరు లేదు.

ఇవాళ కూడా పుస్తకం వేసుకునేవాళ్ళు కొందరు సొంత ఖర్చుతో బొమ్మలు వేయించుకుంటున్నారు. వాళ్ళకి పనికొచ్చే సంగతులు కొన్ని. కథ మొత్తం పంపండి, సారాంశం వద్దు. ఏ ఘట్టానికి వేయాలో మీరు చెప్పొద్దు, అతను ఏది ఎంచుకుంటాడో చూస్తే మీ కథలో బలమైన చోటు తెలుస్తుంది. మీరనుకున్నదీ అతను ఎంచుకున్నదీ పూర్తిగా వేరైతే కథ మళ్ళీ చదువుకోండి. కాలం, ఊరు, మనుషుల వయసులు, అచ్చులో బొమ్మ కొలత, రంగా నలుపు తెలుపా అన్నవి మాత్రం ముందే రాసివ్వండి. పెన్సిలు రఫ్ అడిగి చూడండి, మార్పులుంటే అప్పుడే, అన్నీ ఒకేసారి చెప్పండి. ఇంకు పడ్డాక మీసం తీసేయమంటే ఎవరికైనా కోపమొస్తుంది. డబ్బు సంగతి రఫ్ కంటే ముందే తేల్చుకోవాలి, సగం అప్పుడే ఇచ్చేయాలి. అతను మిమ్మల్ని ప్రశ్నలు అడిగితే విసుక్కోకుండా జవాబు చెప్పండి. అసలేమీ అడగకపోతే ఇంకో మనిషిని వెతుక్కోండి.